ప్రమాదం లేని రోజుల లెక్క ఎంతవరకు నిజం?
పనిచోట భద్రతా నియమాలు పనిచేస్తున్నాయో లేదో కొలిచే శాస్త్రం

ఢిల్లీ వెళ్లివచ్చిన తెలుగువాళ్లలో చాలామందికి అశోకా రోడ్ అనగానే ఆంధ్ర భవన్ భోజనం గుర్తుకొస్తుంది. ఇండియా గేట్ దగ్గర మొదలయ్యే ఈ రోడ్డు విండ్సర్ ప్లేస్ దగ్గర జన్‌పథ్‌నూ, పటేల్ చౌక్ దగ్గర సంసద్ మార్గ్‌నూ దాటుకుని గోల్ డాక్‌ఖానా వరకు వెళ్తుంది. భోజనం ముగించి జన్‌పథ్ వైపు నాలుగడుగులు వేస్తే, కొన్నేళ్లుగా అక్కడ లేస్తున్న కేంద్ర సచివాలయం కొత్త భవనాలు కనిపిస్తాయి. ఇలాంటి పెద్ద నిర్మాణాల గేటు దగ్గర మామూలుగా ఒక బోర్డు ఉంటుంది. ఇప్పటిదాకా పనిచేసిన గంటలు ఇన్ని, ప్రమాదం లేకుండా గడిచిన రోజులు ఇన్ని, చివరి ప్రమాదం జరిగిన తేదీ ఇది అని అందులో రాసి ఉంటుంది. రోజూ ఎవరో ఒకరు ఆ అంకెను మారుస్తూ ఉంటారు.

ఒక బోర్డు మీద 412 అని ఉందనుకుందాం. అంటే 412 రోజులుగా ఎవరికీ గాయం కాలేదు. ఆ చోటు భద్రంగా ఉందని దాన్నిబట్టి చెప్పవచ్చా?

చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ దీని మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని మందుల పరిశ్రమలో జరిగిన పేలుడు 17 మందిని బలిగొంది. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ తనిఖీలు, ఆడిట్లు, శిక్షణ తరగతులు, మాక్ డ్రిల్లులు మొదలవుతాయి. ఇన్ని కర్మాగారాల్లో తనిఖీ చేశాం, ఇంతమందికి శిక్షణ ఇచ్చాం అని లెక్కలు వస్తాయి. అవి మనం చేసిన పని లెక్కలు. ఆ పని వల్ల కార్మికుడికి ఉన్న ముప్పు తగ్గిందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే కొలత కావాలి, ఆ కొలతకూ కొన్ని నియమాలున్నాయి.

సున్నా వెనక ఏముంది?

ముందుగా బోర్డు మీది అంకెనే చూద్దాం. మరణం కలిగించే ప్రమాదాలు అరుదుగా జరుగుతాయి. అరుదైన వాటిని లెక్కపెట్టేటప్పుడు ‘సున్నా’ మనల్ని సులువుగా మోసం చేస్తుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 200 మంది పనిచేసే కర్మాగారం ఒకటి ఉంది. అక్కడ ఒక్కో కార్మికుడు ఏడాదిలో ప్రమాదంలో చనిపోయే అవకాశం 5,000లో ఒకటి. పదేళ్లకు లెక్కేస్తే అది 2,000 ‘కార్మిక సంవత్సరాలు’ అవుతుంది. ఆ కాలంలో సగటున జరగగల మరణాలు 0.4. ఇలాంటి కర్మాగారాలు 100 ఉంటే, వాటిలో దాదాపు 67 పదేళ్లూ ఒక్క మరణం కూడా లేకుండా గడిపేస్తాయి.

ఇప్పుడు పక్కనే ఉన్న మరో కర్మాగారంలో ముప్పు రెండింతలు, అంటే 2,500లో ఒకటి అనుకుందాం. అలాంటివి 100 ఉంటే, వాటిలో కూడా 45 దాకా పదేళ్లపాటు సున్నాతోనే ఉంటాయి. రెండు గేట్ల దగ్గరా బోర్డులు ఒకేలా మెరుస్తుంటాయి. ఒకచోట ముప్పు రెండింతలు ఉందన్న సంగతి మాత్రం ఏ బోర్డూ చెప్పదు.

సంఖ్యాశాస్త్రంలో దీనికి ఒక సులువైన సూత్రం ఉంది. దాన్ని ‘మూడు సూత్రం’ అంటారు. ఎన్ని సార్లు చూసినా ఒక ఘటన అసలు జరగకపోతే, 3ను ఆ చూసిన సంఖ్యతో భాగించాలి. అసలు ముప్పు అంతకంటే ఎక్కువ ఉండదని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. మన ఉదాహరణలో 2,000 కార్మిక సంవత్సరాల్లో మరణాలు సున్నా. 3ను 2,000తో భాగిస్తే దాదాపు 667లో ఒకటి వస్తుంది. అంటే ‘పదేళ్లుగా మరణాలు లేవు’ అన్న మాటలో ఉన్న అసలు సమాచారం ఇంతే: ముప్పు 667లో ఒకటి కంటే ఎక్కువ కాకపోవచ్చు. మన లెక్కలోని 5,000లో ఒకటికి అది ఏడు రెట్లకు పైగా ఎక్కువ!

అందుకే ఒక్క కర్మాగారం మరణాల లెక్క చూసి అక్కడి భద్రతా కార్యక్రమం మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పలేం. జిల్లా, రాష్ట్రం, పరిశ్రమ స్థాయిలో వందల కర్మాగారాల లెక్కలను కలిపి చూడాలి. లేదా మరణం దాకా పోని, తరచుగా జరిగే వేరే సంకేతాలను కొలవాలి. రెండింటిలోనూ ఎవరికి వారికి కొన్ని చిక్కులున్నాయి.

దేనితో భాగిస్తున్నాం?

మొదటి చిక్కు హారంతో వస్తుంది. ఒకచోట పది గాయాలు, మరోచోట ఇరవై అంటే రెండోది ప్రమాదకరమని చెప్పలేం. రెండోచోట అయిదు రెట్ల మంది పనిచేస్తూ ఉండవచ్చు. అందుకే గాయాల సంఖ్యను పనిగంటలతో భాగిస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 3786 ప్రకారం, పనికి రాలేని స్థితి కలిగించిన గాయాలను 10 లక్షలతో గుణించి, మొత్తం పనిగంటలతో భాగిస్తే ‘గాయాల ఫ్రీక్వెన్సీ రేటు’ వస్తుంది. గాయాల తీవ్రతకు మరో రేటు ఉంది. అందులో ఒక మరణాన్ని 6,000 పనిదినాల నష్టంగా లెక్కిస్తారు. అమెరికాలో 10 లక్షల బదులు 2 లక్షల గంటలు వాడతారు. కాబట్టి రెండు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టే ముందు ఏ హారం వాడారో చూసుకోవాలి.

హారం మారితే కథ కూడా మారిపోతుంది. బొగ్గు గనుల్లో మరణాలను మన దేశంలో రెండు రకాలుగా ప్రకటిస్తారు. ఒకటి 10 లక్షల టన్నుల బొగ్గుకు ఇన్ని మరణాలని, రెండోది 3 లక్షల మ్యాన్‌షిఫ్టులకు ఇన్ని అని. సింగరేణినే చూడండి. ఒకప్పుడు అక్కడ బొగ్గులో ఎక్కువ భాగం భూగర్భ గనుల నుంచి, చేతిపనితో వచ్చేది. ఇప్పుడు అధిక భాగం ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి, భారీ యంత్రాలతో వస్తోంది. తక్కువమంది ఎక్కువ టన్నులు తవ్వుతుంటే, టన్నుకు మరణాల రేటు దానంతటదే తగ్గుతుంది. కానీ ఇప్పటికీ భూగర్భంలోకి దిగే కార్మికుడికి తన షిఫ్టులో ఉన్న ముప్పు తగ్గిందా లేదా అన్నది ఆ అంకె చెప్పదు. అది తెలియాలంటే మ్యాన్‌షిఫ్టుల లెక్క చూడాలి. భూగర్భం, ఓపెన్‌కాస్ట్ అంకెలను విడివిడిగా చూస్తే ఇంకా మంచిది.

మరి అసలు హారంలోకే రాని మనుషుల మాటేమిటి? 2019 డిసెంబర్ 8న ఢిల్లీలోని అనాజ్ మండీలో, నివాస భవనంలో నడుస్తున్న చిన్న పరిశ్రమల్లో మంటలు చెలరేగి 43 మంది చనిపోయారు. 2022 మే 13న ముండ్కాలోని వాణిజ్య భవనంలో 27 మంది కాలిపోయారు. అనుమతులు లేకుండా నడిచే చోట్లు ఫ్యాక్టరీల జాబితాలో ఉండవు. జాబితాలో లేనిచోట తనిఖీ ఉండదు, ఫ్రీక్వెన్సీ రేటూ ఉండదు. నమోదైన కర్మాగారాల రేటు ఏటా తగ్గుతూ, అసలు ముప్పు జాబితా బయటికి జరిగిపోవడం కూడా సాధ్యమే. పెద్ద కర్మాగారంలో కూడా కాంట్రాక్టు కార్మికుల గంటలను, గాయాలను కాంట్రాక్టరు ఖాతాలో వేసి, ‘మా ఉద్యోగుల్లో గాయాలు సున్నా’ అని చెప్పుకునే వీలుంది. అందుకే ఏ భద్రతా నివేదిక చదివినా ముందు అడగాల్సింది ఒకటే. ఈ లెక్కలో ఎవరున్నారు, ఎవరు లేరు?

దాచిన గాయాలు

రెండో చిక్కు మనుషుల స్వభావంలో ఉంది. గాయపడి 48 గంటలు, అంతకుమించి పనికి రాలేకపోతే ఆ ప్రమాదాన్ని అధికారులకు తెలియజేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. చాలా దేశాల్లో ఇలాంటి గీత ఒకటి ఉంటుంది. గీత ఉన్నచోట దాని కింద ఉండిపోవాలన్న ఆశ కూడా ఉంటుంది. చెయ్యి తెగినవాడిని మర్నాడే పనికి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, ‘డ్యూటీలోనే ఉన్నాడు’ అని హాజరు వేస్తే పనినష్టం సున్నా అవుతుంది.

‘ఈ నెల ప్రమాదాలు లేకపోతే షిఫ్టు మొత్తానికి బహుమతి’ అన్న పథకాన్ని కూడా ఇదే కోణంలో చూడాలి. ఉద్దేశం మంచిదే. కానీ నెలాఖరున వేలికి దెబ్బ తగిలిన కార్మికుడు తన వల్ల అందరి బహుమతీ పోతుందేమోనని గుడ్డ చుట్టుకుని ఊరుకుంటాడు. గాయాల సంఖ్య తగ్గుతుంది, గాయాలు తగ్గవు. ఆర్థికవేత్తలు తరచుగా హెచ్చరించే విషయమే ఇది. ఒక కొలతను లక్ష్యంగా మార్చి, దానికి బహుమతో శిక్షో ముడిపెడితే, ఆ కొలత మెల్లగా నిజం చెప్పడం మానేస్తుంది.

దీన్ని పట్టుకునే ఒక ఉపాయం ఉంది. పెద్ద గాయాలకూ చిన్న గాయాలకూ ఉన్న నిష్పత్తిని చూడాలి. విరిగిన ఎముకను, మరణాన్ని దాచడం కష్టం. గీసుకున్న గాయాన్ని దాచడం తేలిక. ఒక కంపెనీలో చిన్న గాయాలు బాగా తగ్గి, పెద్దవి అలాగే ఉంటే, అక్కడ తగ్గింది ప్రమాదమా లేక నమోదా అని అనుమానించాలి.

థర్మామీటరు ఉంది, కానీ ఎక్కడ?

మూడో చిక్కు అన్నిటికంటే ప్రమాదకరమైనది. కొలుస్తూనే ఉంటాం, కానీ కొలవాల్సిన చోట కొలవం.

ఎల్‌జీ పాలిమర్స్ ఘటననే తీసుకుందాం. స్టైరీన్ ద్రవాన్ని చల్లగా ఉంచాలి. వేడెక్కితే దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుని గొలుసులుగా మారడం మొదలవుతుంది. దీన్ని పాలిమరీకరణ అంటారు. ఆ చర్యలో మరింత వేడి పుడుతుంది. ఆ వేడికి చర్య ఇంకా వేగం పుంజుకుంటుంది. లాక్‌డౌన్ వల్ల వారాల తరబడి ట్యాంకులో కదలకుండా ఉన్న స్టైరీన్‌లో జరిగింది ఇదే. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తన నివేదికలో ట్యాంకు రూపకల్పన లోపాలనూ, చాలని శీతలీకరణనూ, కొలతల లోపాలనూ ఎత్తిచూపింది. ట్యాంకు కింది భాగంలో ఉష్ణోగ్రత కొలుస్తున్నారు. పై పొరల్లో కొలిచే ఏర్పాటు లేదు. వేడి ద్రవం పైకి చేరుతుందని స్నానానికి నీళ్లు కాచుకునే ఇంట్లో కూడా తెలుసు. లాగ్‌బుక్‌లో రోజూ రాసిన అంకె తప్పు కాదు. అది ట్యాంకులోని చల్లటి చోటు గురించి చెప్పిన నిజం.

అదే నివేదికలో మరో సంగతి ఉంది. ఆ కర్మాగారంలో ప్రమాద సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉంది. ఆ రాత్రి ఎవరూ దాన్ని మోగించలేదు.

ఈ రెండింటినీ ఒక తనిఖీ ఫారం కళ్లతో చూడండి. ‘ట్యాంకుకు ఉష్ణోగ్రత కొలిచే పరికరం ఉందా?’ ఉంది. టిక్కు. ‘ప్రమాద సైరన్ ఉందా?’ ఉంది. టిక్కు. నియమం పాటించినట్టే. కానీ వేడెక్కే చోట కొలుస్తున్నారా, రాత్రి షిఫ్టులో ఉన్న వ్యక్తికి సైరన్ మోగించాలని తెలుసా, మోగించే అధికారం తనకుందని అతను నమ్ముతున్నాడా అన్న ప్రశ్నలు ఆ ఫారంలో లేకపోతే, నూటికి నూరు మార్కులు వచ్చినా ఊరికి రక్షణ లేదు.

ప్రపంచంలో దీనికి ఎక్కువగా చెప్పే ఉదాహరణ అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీ. 2005 మార్చి 23న అక్కడ జరిగిన పేలుడులో 15 మంది చనిపోయారు, దాదాపు 180 మంది గాయపడ్డారు. తర్వాత ఏర్పాటైన బేకర్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. జారిపడటం, వేళ్లు నలగడం వంటి వ్యక్తిగత గాయాల రేటు తగ్గుతుండటం చూసి, రిఫైనరీ ప్రక్రియ కూడా భద్రంగా ఉందని యాజమాన్యం భ్రమపడిందని ఆ కమిటీ తేల్చింది. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది మరణించారు. పనినష్టం కలిగించే గాయం లేకుండా ఏడేళ్లు గడిపినందుకు సిబ్బందిని అభినందించడానికి పైఅధికారులు అదే రోజు ఆ రిగ్గు మీద ఉన్నారు.

హెల్మెట్, బూట్లు, బెల్టు అవసరం లేదని దీని అర్థం కాదు. నిర్మాణ స్థలంలో మనిషిని చంపేది ఎక్కువగా పైనుంచి పడటమే. అక్కడ బెల్టు, వల, గట్టి పరంజా సరైన కొలతలు. రసాయన కర్మాగారంలో చంపేది పీడనం, వేడి, మండే ఆవిరి, గాలిలో ఎగిరే సన్నటి పొడి. అక్కడ హెల్మెట్ల లెక్కతో రియాక్టరు భద్రత తెలియదు. ఎక్కడ ఏది చంపుతుందో దాన్నే అక్కడ కొలవాలి.

తనిఖీ చేసేవాడి జీతం ఎవరిస్తారు?

నియమాలు పాటిస్తున్నారో లేదో చూడటానికి ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు చాలరు. అందుకే బయటి సంస్థలతో ఆడిట్ చేయించే పద్ధతి వచ్చింది. భద్రతా ఆడిట్ ఎలా చేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 14489 కూడా ఉంది. అయితే ఆడిటరును ఎంచుకునేదీ, ఫీజు ఇచ్చేదీ కర్మాగారమే అయితే, అతను రాసే నివేదిక ఎంతవరకు నిజం?

దీన్ని మన దేశంలోనే ప్రయోగం చేసి చూశారు. అది కార్మిక భద్రత మీద కాదు, పరిశ్రమల కాలుష్యం మీద జరిగింది. కానీ ప్రశ్న ఇదే. గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలితో కలిసి ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలాస్ రయన్ ఈ అధ్యయనం చేశారు. డుఫ్లో 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు. అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల కర్మాగారాలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపులో పాత పద్ధతే. రెండో గుంపులో ఏ ఆడిటరు ఎక్కడికి వెళ్లాలో లాటరీ నిర్ణయించింది. ఫీజు ఉమ్మడి నిధి నుంచి వచ్చింది. కొన్నిచోట్ల మరో బృందం వెళ్లి అవే కొలతలు మళ్లీ తీసింది.

2013లో ప్రచురించిన ఫలితాలు ఆలోచింపజేసేవి. పాత పద్ధతిలో ఆడిటర్లు రాసిన కాలుష్యపు అంకెలు చాలావరకు చట్టం గీసిన గీతకు సరిగ్గా కిందే గుమిగూడాయి. మళ్లీ కొలిచి చూస్తే అసలు అంకెలు గీతకు రెండువైపులా చెదిరి ఉన్నాయి. కొత్త పద్ధతిలో, కాలుష్యం పరిమితి లోపలే ఉందని తప్పుగా రాయడం 80 శాతం తగ్గింది. అంతేకాదు, నిజం బయటపడుతోందని తెలిశాక కర్మాగారాలు కాలుష్యాన్ని నిజంగానే తగ్గించుకున్నాయి. మనుషులు మారలేదు. ఆడిటరు ఎవరికి జవాబుదారీ అన్నది మారింది, ఆ మార్పు చాలింది. భద్రతా ఆడిట్లకు ఈ పాఠం అలాగే వర్తిస్తుంది. ఒక ప్రాంతంలోని ఆడిట్ నివేదికలన్నిట్లో మార్కులు 90కి కాస్త అటూ ఇటూగా గుమిగూడి ఉంటే, ముందుగా కొలవాల్సింది ఆ ఆడిట్లనే.

కాగితం మీద పాటించడం, నిజంగా పాటించడం

ఢిల్లీకి సంబంధమున్న మరో ఉదాహరణ ఆపరేషన్ థియేటరుది. ఇది రోగి భద్రత గురించి, అయినా పనిచోట నియమాలు పాటించడానికి సంబంధించినదే. శస్త్రచికిత్సకు ముందూ, మధ్యలో, చివర్లో సరిచూసుకోవాల్సిన అంశాలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక చెక్‌లిస్టు తయారుచేసింది. ఎనిమిది నగరాల్లో దాన్ని పరీక్షించారు. వాటిలో న్యూఢిల్లీ ఒకటి. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికీ, తీవ్ర సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికీ తగ్గాయి. ప్రపంచమంతా ఆ చెక్‌లిస్టును అందుకుంది.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రం అన్ని ఆసుపత్రుల్లోనూ దాన్ని తప్పనిసరి చేసింది. 101 ఆసుపత్రుల లెక్కలు చూసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మరణాలు 0.71 శాతం నుంచి 0.65 శాతానికి మారాయి. సంఖ్యాశాస్త్రం ప్రకారం ఇంత తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. ఆసుపత్రులు మాత్రం చెక్‌లిస్టును దాదాపు పూర్తిగా పాటిస్తున్నామని చెప్పాయి.

కాగితం అదే, ఫలితం వేరు. ఎందుకన్న చర్చ ఇంకా సాగుతోంది. మొదటి అధ్యయనంలో బృందాలకు శిక్షణ ఇచ్చి, పక్కన ఉండి నేర్పారు. రెండోచోట ఆదేశం వచ్చింది, ఫారాలు నిండాయి. అంతకుముందే మరణాలు తక్కువగా ఉన్నచోట తగ్గడానికి చోటు కూడా తక్కువే. ఏ కారణమైనా, మనకు తెలిసేది ఒకటుంది. ‘పాటిస్తున్నాం’ అని చెప్పిన శాతం ఒక కొలత, పాటించిన తీరు మరొకటి, దాని ఫలితం ఇంకొకటి. మొదటిదాన్ని కొలిచి మూడోదాన్ని సాధించామనుకోకూడదు.

నిన్నటితో పోలిక చాలదు

పెద్ద ప్రమాదం జరిగిన ఏడాది తనిఖీలు పెంచారు. మరుసటి ఏడాది ప్రమాదాలు తగ్గాయి. తనిఖీలు పనిచేశాయా?

జవాబుకు ముందు ఒక ఆట ఆడదాం. 100 మందికి తలా ఒక పాచిక ఇచ్చి వేయమనండి. 6 పడినవాళ్లను పక్కకు పిలిచి గట్టిగా మందలించండి. మళ్లీ వేయమనండి. ఈసారి వాళ్లకు పడేది సగటున 3.5 మాత్రమే. మందలింపు బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనిపిస్తుంది! నిజానికి పాచికకు మందలింపు తెలియదు. మామూలు కంటే బాగా ఎక్కువ వచ్చిన అంకె తర్వాతిసారి సగటు వైపు రావడం సహజం. ఘోరమైన ఏడాది తర్వాత ఏమీ చేయకపోయినా, కాస్త మంచి ఏడాది వచ్చే అవకాశమే ఎక్కువ.

అందుకే ‘ముందు–తర్వాత’ పోలిక ఒక్కటే చాలదు. పక్కన పోల్చుకోవడానికి, తనిఖీ జరగని అలాంటి కర్మాగారాలు కావాలి. మరి తనిఖీకి అధికారులు సాధారణంగా ఎంచుకునేవి ప్రమాదాలు ఎక్కువున్న కర్మాగారాలే కదా? వాటిని మిగతావాటితో పోలిస్తే తనిఖీ చేసినచోటే ప్రమాదాలు ఎక్కువని తేలుతుంది. ఆసుపత్రికి వెళ్లినవాళ్లే ఎక్కువ జబ్బుపడుతున్నారు కాబట్టి ఆసుపత్రులు జబ్బు తెస్తాయన్నట్టు ఉంటుంది ఆ వాదన.

కాలిఫోర్నియాలో దీనికి ఒక చక్కటి అవకాశం దొరికింది. అక్కడి కార్మిక భద్రతా విభాగం కొన్ని ప్రమాదకర రంగాల్లో తనిఖీ చేయాల్సిన సంస్థలను యాదృచ్ఛికంగా ఎంపిక చేసేది. పరిశోధకులు అలా తనిఖీ జరిగిన 409 సంస్థలను, అదే రంగంలో తనిఖీ జరగని మరో 409 సంస్థలతో పోల్చారు. 2012లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం, తనిఖీ జరిగినచోట గాయాలు 9.4 శాతం తగ్గాయి, గాయాల ఖర్చు 26 శాతం తగ్గింది. ఉద్యోగాలు పోయినట్టుగానీ, అమ్మకాలు పడిపోయినట్టుగానీ కనిపించలేదు. ‘తనిఖీలు పరిశ్రమను వేధించడమే’ అన్న వాదనకూ, ‘తనిఖీ చేస్తే అంతా సరిపోతుంది’ అన్న నమ్మకానికీ మధ్య, ఒక అంకెతో మాట్లాడగల జవాబు ఇది.

ప్రమాదానికి ముందే మాట్లాడే సంకేతాలు

గాయాలు, మరణాలు జరిగాక చెప్పే సూచికలు. జ్వరం వచ్చాక థర్మామీటరు చూసినట్టు. వాటితో పాటు ముందస్తు సూచికలూ కావాలి. రసాయన కర్మాగారంలో అడగదగ్గ కొన్ని ప్రశ్నలు చూడండి:

సేఫ్టీ వాల్వులు, అలారాలు, గ్యాస్ డిటెక్టర్లలో పరీక్ష గడువు దాటినవి ఎన్ని? పరీక్షించినప్పుడు మొదటిసారే సరిగా పనిచేసినవి ఎన్ని?

మోగుతున్నాయని విసుగొచ్చి ఆపేసిన అలారాలు ఎన్ని? వాటిని మళ్లీ పెట్టడానికి ఎన్ని రోజులు పట్టింది?

వెల్డింగ్ లాంటి నిప్పు పనులకు ఇచ్చిన వర్క్ పర్మిట్లలో, సంతకం చేసిన వ్యక్తి స్వయంగా ఆ చోటికి వెళ్లి చూసినవి ఎన్ని?

గత ఆడిట్‌లో చెప్పిన లోపాల్లో సరిచేసినవి ఎన్ని? ఆర్నెల్లు దాటినా మిగిలినవి ఏవి?

నిన్నటి రాత్రి షిఫ్టులో పనిచేసిన పదిమందిని అడిగితే, సైరన్ ఎక్కడుందో, ఎటు పరుగెత్తాలో ఎంతమంది చెప్పగలరు?

ఈ చివరి ప్రశ్న శిక్షణకు అసలైన పరీక్ష. తరగతికి వచ్చారన్న సంతకాల షీటు శిక్షణ జరిగిందనే చెబుతుంది, అర్థమైందని చెప్పదు. పాశమైలారం వంటి పారిశ్రామిక వాడల్లో బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు పెద్దసంఖ్యలో పనిచేస్తారు. హెచ్చరిక తెలుగులోనో ఇంగ్లిషులోనో ఉంటే, నియమం గోడ మీద ఉన్నట్టే, మనిషికి చేరనట్టే.

మరో ముఖ్యమైన సంకేతం త్రుటిలో తప్పిన ప్రమాదాలు. పైనుంచి పడిన స్పానర్ ఎవరికీ తగల్లేదు, పైపు లీకైంది కానీ అంటుకోలేదు. ఇలాంటివి నమోదు చేయడం మొదలుపెడితే తొలి ఏడాది సంఖ్య అమాంతం పెరుగుతుంది. దాన్ని చూసి కంగారుపడకూడదు. అది ముప్పు పెరగడం కాదు, మనుషులు భయం లేకుండా చెప్పడం. 1931లోనే హైన్‌రిక్ అనే అమెరికన్, ఒక పెద్ద గాయానికి 29 చిన్న గాయాలు, గాయం కాని 300 ఘటనలు ఉంటాయని రాశాడు. ఆ నిష్పత్తి అన్నిచోట్లా నిజం కాదనీ, చిన్నవి తగ్గితే పెద్దవీ అదే లెక్కన తగ్గుతాయనుకోవడం పొరపాటనీ తర్వాతి పరిశోధకులు వాదించారు. అందుకే 300 ఘటనలనూ ఒకే గాటన కట్టకుండా, వాటిలో ప్రాణం తీయగలిగేవి ఏవో విడదీసి, ముందు వాటి వెంట పడాలి.

అవకాశం చేతిలోనే ఉంది

కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఒకటి. తనిఖీకి సంస్థలను కంప్యూటరు ద్వారా యాదృచ్ఛికంగా ఎంపిక చేసే పద్ధతికి అందులో చోటుంది. కేంద్రం 2014లో తెచ్చిన శ్రమ సువిధ పోర్టల్‌తోనే ఈ ఆలోచన మొదలైంది. ఇన్‌స్పెక్టరు ఇష్టానికి వదలకూడదన్నది దీని ఉద్దేశం.

అయితే కొలత కోణంలో చూస్తే ఇందులో ఇంకో లాభం దాగి ఉంది. లాటరీలో పేరు వచ్చిన కర్మాగారం, రాని కర్మాగారం ఒకేలాంటివైనప్పుడు, రెండింటి తర్వాతి ప్రమాదాలను పోల్చితే తనిఖీ వల్ల ఏం జరిగిందో తెలుస్తుంది. కాలిఫోర్నియా పరిశోధకులు చేసింది అదే. దానికి కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు. ఏ కర్మాగారం ఎప్పుడు ఎంపికైంది, అక్కడ కాంట్రాక్టు కార్మికులతో సహా ఎన్ని గంటల పని జరిగింది, ఎంతమంది గాయపడ్డారు అన్న మూడు వివరాలు జతచేసి, పేర్లు తీసేసి, పరిశోధకులకు అందుబాటులో ఉంచితే చాలు. గాయాల లెక్కను ఈఎస్ఐ ఆసుపత్రుల్లో చికిత్స పొందినవారి లెక్కతో సరిపోల్చితే, దాచినవి కూడా కొంత బయటపడతాయి.

దాంతోపాటు యాదృచ్ఛికతకూ ఒక హద్దు పెట్టుకోవాలి. భారీగా విషవాయువులు, మండే ద్రవాలు నిల్వచేసే కర్మాగారాలను లాటరీకి వదిలేయలేం. వాటిని క్రమం తప్పకుండా చూడాల్సిందే. లాటరీ మిగతా వేలాది మామూలు కర్మాగారాలకు.

ఇదంతా అధికారుల పని అనిపించవచ్చు. కానీ కార్మికులు, వాళ్ల సంఘాలు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, విలేకరులు కూడా అడగగలిగే ప్రశ్నలు ఇందులో ఉన్నాయి. ఈసారి గేటు దగ్గర ‘ప్రమాదం లేని 412 రోజులు’ అన్న బోర్డు కనిపిస్తే, లోపలివాళ్లను అడగండి: ఈ లెక్కలో కాంట్రాక్టు కూలీలు ఉన్నారా? అంతకుముందు జరిగిన ప్రమాదానికి కారణమేమిటి, దాన్ని సరిచేశారా? ఇక్కడ మనిషి ప్రాణం తీయగలిగింది ఏది, దాన్ని ఎక్కడ కొలుస్తున్నారు? మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే, ఆ 412కు కొంత అర్థం ఉంది.